రేడియేటర్ మీద బంతిపూల దండ

కొవ్వూరులో నా షెడ్డు ఉన్నచోట ఒకప్పుడు లాంచీల ఇంజన్లు విప్పేవాణ్ణి. లాంచీలు పోయాక కార్లకు మారాను. బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. ఇంగ్లీషు నేర్చుకున్నది రిపేరు పుస్తకాల్లో, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటూ. ఇదంతా ఎందుకంటే, ఆ ఇంగ్లాండు కారు లోపలి సంగతి తెలిసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలాను. గొప్పకు చెప్పడం లేదు, కోపంతో చెబుతున్నాను.

రెండు సీట్ల కారు, పైన టాపు లేదు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక ఆసామిది. ఆయన తండ్రిగారి రోజుల్లో దానికి సర్వీసు చేసింది నేనే. తండ్రిగారు పోయాక ధాన్యం కొట్లో పడి ఎలకలకు కాపురమైంది. పాత స్పోర్ట్స్ కార్ల ర్యాలీకి తీసుకెళ్ళాలని రెండేళ్ళ కిందట ఆసామికి బుద్ధి పుట్టింది.

"మేస్త్రిగారూ, రంగు అదిరిపోవాలండి," అన్నాడు మొదటిరోజే.

"రంగు పరిగెత్తదండి," అన్నాను.

ఏడాది దాటింది. వైర్లన్నీ పీకి కొత్తవి వేశాను. బ్రేకు గొట్టాలు మార్చాను. రాళ్ళు తగలకుండా ఇంజను కింద ఇనుప రేకు కట్టాను. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని విని సరిచేశాను. నా కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవితోనే నాలుగు రోజులు విన్నాను.

భయమంతా హెడ్డుతోనే. ఇంజను మీద మూతలా కూర్చునే అల్యూమినియం దిమ్మ అది. వేడెక్కితే వంకరపోతుంది, గీకించి చదును చేయించాలి. తండ్రిగారి కాలంలోనే రెండుసార్లు గీకించాం. మూడోసారి గీకించాక ఆసామిని పిలిచి చూపించాను.

"ఇదే ఆఖరండి. ఇంకోసారి గీకడానికి ఇందులో లోహం లేదు. ఇలాంటిది ఇంకొకటి దొరకదు. నేను పక్కన కూర్చుని వేడి చూపించే ముల్లు చూసుకుంటాను."

"మీరు కాక ఇంకెవరండి? ఎడమ సీటు మీదే," అన్నాడు.

ఆ మాట నమ్మి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున పొద్దున్నే బయల్దేరి, బ్రిడ్జి దాటి, తణుకు, రావులపాలెం మీదుగా చుట్టి రావాలి. అది వేగం పోటీ కాదు, చెప్పిన చోటికి చెప్పిన నిమిషానికి చేరాలి. దారీ టైమూ పక్క సీటువాడు చూడాలి. నేను వెళ్ళేసరికి ఆ సీట్లో ఆసామి బావమరిది నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునున్నాడు.

"ఫోన్లో యాప్ ఉందండి, అన్నీ అదే చెబుతుంది. ఈ వయసులో మీకెందుకండి ఈ గతుకులు? నడుం పట్టేస్తుంది," అన్నాడు.

ఆసామి నా మొహం చూడలేదు. "వచ్చే ఏడు తప్పకుండా, మేస్త్రిగారూ," అన్నాడు.

"వచ్చే ఏటికి ఎవరుంటారండి, నేనా, కారా?" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

అప్పుడు ఆసామి తల్లిగారు దండ తెచ్చారు. కడియం పూలతోటల నుంచి తెప్పించిన బంతిపూల దండ, నా చేయంత లావుంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ దండను రేడియేటర్ ముందున్న జాలికి అడ్డంగా మూడు వరసలు కట్టించారు.

"చేత్తో తియ్యకండ్రా. దానంతట అదే రాలాలి," అన్నారావిడ.

కొత్త బండి కొంటే మేమందరం చేసేదే. ఇప్పటి కార్లు తట్టుకుంటాయి. ఈ కారు ఇంజను చల్లబడ్డానికి గాలి వచ్చే దారి ఆ జాలి ఒక్కటే.

నేను చూశాను. రెండడుగుల దూరంలో నిలబడి చూశాను. "బ్రిడ్జి దాటాక తీసెయ్యండి" అనడానికి ఎంతసేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది. యాప్ చెబుతుందిలే అనుకున్నాను. జెండా ఊపారు. వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి రావులపాలెం నుంచి ఆసామి ఫోను. అరటి గెలల లారీల మధ్య ఇరుక్కుపోయారట.

"ఒకటే ఆవిరండి, మేస్త్రిగారూ! ఇంజను ఆగిపోయిందండి!"

"ముల్లు చూడలేదా?"

"వాడు ఫోను చూస్తున్నాడు, నేను రోడ్డు చూస్తున్నాను. తణుకు దాటాక వాసనొచ్చింది గానీ, టైము పోతుందని ఆపలేదండి."

మర్నాడు కారును లారీ మీద తెచ్చారు. హెడ్డు విప్పి ఉక్కు స్కేలు ఆనించి వెలుతురుకు ఎత్తాను. కింద పోస్టుకార్డు దూరేంత సందు. రేడియేటర్ రేకుల మధ్య ఉడికిన బంతిరేకులు నల్లగా అతుక్కుపోయి ఉన్నాయి. పిన్నుతో ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాను. ఎందుకు తీస్తున్నానో నాకే తెలియదు.

ఆసామి పక్కనే నిలబడ్డాడు. "మా నాన్న నడిపిన కారండి," అన్నాడు. నా చేతిలోని పిన్ను వంక చూసి, "పక్కన మీరుంటే ఆ దండ తీయించేసేవారు," అన్నాడు.

"కట్టేటప్పుడే చూశానండి," అన్నాను.

అతను నా వంక చాలాసేపు చూశాడు. ఒక్క మాట అన్నా బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అనడానికి నా దగ్గర కోపం సిద్ధంగానే ఉంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సీటు నాదే. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కారు మళ్ళీ ధాన్యం కొట్లోకి పోయింది. హెడ్డు నా షెడ్డులో, గోడవారనుంది. అడగడానికి ఎవరూ రాలేదు. రంగు మాత్రం చెక్కుచెదరలేదట.