రెండు డిస్కులూ, గోనె సంచుల్లో వేలిముద్రలూ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అరకు కొండల్లో ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. చుట్టుపక్కల కంప్యూటర్ తెలిసిన మేధావిని నేనే. అంటే, ఎక్కడ నొక్కితే వెలుగుతుందో తెలుసు.

ఓ రోజు విశాఖపట్నం నుంచి ఇంజనీరు కొత్త సర్వర్ తెచ్చాడు. పెట్టె విప్పి, "ఇది డిస్క్ అర్రే సార్," అన్నాడు.

మా అధికారి ముఖం చిట్లించాడు. "అర్రే ఏంటయ్యా? మర్యాదగా చెప్పు."

ఇంజనీరు ఓపికమంతుడు. రెండు హార్డ్ డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడుకోవడాన్ని అలా అంటారని చెప్పాడు. కలపడానికి రెండు దారులున్నాయట. మిర్రర్ పద్ధతిలో ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది ఆదుకుంటుంది. కాకపోతే దక్కే చోటు ఒక్క డిస్కుదే. స్ట్రైప్ పద్ధతిలో సమాచారాన్ని ముక్కలు చేసి రెండింటికీ పంచుతారు. చోటు రెట్టింపు, వేగం ఎక్కువ. ఒకటి పోతే మాత్రం రెండూ పోయినట్టే.

"రాసిందే రెండుసార్లు రాయడానికి ఇదేమన్నా ఇంపోజిషనా? ఆ రెండోదే పెట్టు. చోటు వృథా కాకూడదు," అన్నాడు అధికారి. మా దగ్గరున్న సమాచారానికి ఆ డిస్కులో ఒక మూల కూడా నిండదు. ఇంజనీరు మా అధికారి అన్న మాటే కాగితం మీద రాసి సంతకం అడిగాడు. మా అధికారి అంత చురుగ్గా సంతకం పెట్టడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడాదంతా వేలిముద్రలతో వచ్చిన ఊరూరి దరఖాస్తులు సర్వర్‌లోకి ఎక్కించాను. అయిపోగానే కాగితాలన్నీ తగలబెట్టమని అటెండరమ్మకి హుకుం జారీ అయింది. ఆధునికత అంటే అదే మరి.

వానాకాలంలో ఒక ఉదయం సర్వర్ టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ఒక డిస్కు పోయింది. రెండోది నిక్షేపంగా ఉంది, ఎందుకూ పనికిరాని ముక్కలతో.

సరిగ్గా అప్పుడే కొండ మీది నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. హాస్టల్లో చేర్చడానికి సర్టిఫికెట్ కావాలి. విషయం చెప్పాను.

"సగం ఉందంటన్నావు కదేటి బాబూ? ఆ సగవే రాసీ. మా గుంట అక్కడ నెట్టుకొస్తాది."

నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ పిల్ల నా వంకే చూస్తోంది.

గుమ్మం దగ్గర నిలబడిన అటెండరమ్మ గొంతు తగ్గించి అంది: "కాగితాలు నాను కాల్సనేదు బాబూ. వంట పాకలో గోనె సంచుల్లో కట్టీసినాను. మడుసుల ఏలిముద్రలు కాల్సడం పాపం కదేటి?"

ఆదివారం చర్చికి తప్ప ఇంకెక్కడికీ పోని ఆ మనిషి, మా అందరికంటే పెద్ద ఇంజనీరని ఆ పూట తెలిసింది. సంచి విప్పి వెతికి, ఆ పిల్ల సర్టిఫికెట్ చేత్తోనే రాసిచ్చాం.

ఇంజనీరు మళ్ళీ వచ్చి ఈసారి మిర్రర్ పెట్టాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు మా అధికారి. నేను మొత్తం తిరిగి ఎక్కించాక, సంచుల్ని భద్రత కోసం పట్నంలో గోడౌన్‌కి పంపారు. అంటే, ఇక ఎవరికీ దొరకవు.

తర్వాత నా వంతు వచ్చింది. పాత జాబితా అనుకుని ఒక ఊరి జాబితా మొత్తం చెరిపేశాను. మిర్రర్ ఉంది కదా అని ధీమాగా ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. డిస్కు చస్తే మిర్రర్ కాపాడుతుంది గానీ, మీ తెలివితక్కువతనం నుంచి కాపాడదు. విడిగా కాపీ తీసి, వేరేచోట దాచుకుంటే దాన్ని బ్యాకప్ అంటారు," అన్నాడు.

అధికారికి చెప్పే ధైర్యం లేక, డుంబ్రిగుడ సంత రోజున పుస్తకం పట్టుకుని పసుపు అమ్మేవాళ్ళ పక్కన కూర్చున్నాను. ఆ ఊరివాళ్ళు కనబడితే చాలు, వివరాలు అడిగేవాణ్ణి. అంతకుముందు నలభై ఏళ్ళని చెప్పినామె ఈసారి ముప్పై ఆరంది. రాసుకున్నాను.

ఒక తాత మాత్రం అడ్డం తిరిగాడు. "మొన్ననే సెప్పినాను కదేటి?"

"అది పోయింది తాతా."

"నాను పోనేదు కదా. బేగి రాసుకో, బస్సెళ్ళిపోతాది."

నాలుగు సంతలు పట్టింది. జాబితా పూర్తయిన రోజు సీడీలోకి కాపీ తీసి ఇంటికి పట్టుకెళ్ళి, ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టాను.