జానెడు ఎడమకు కొట్టే తుపాకి

రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉండగా నాకు చేవెళ్ల వైపు డ్యూటీ పడింది. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌ని, హోదా హెడ్ కానిస్టేబుల్. తుపాకులు విప్పి బాగుచేయడం, పరీక్షించి సర్టిఫికెట్ రాయడం నా పని. ఆ వానాకాలం మక్క చేలను అడవిపందులు పాడుచేస్తుంటే, లైసెన్సున్న కొందరికి వాటిని కొట్టే అనుమతి ఇచ్చారు. ముందుగా వాళ్ల ఆయుధాలు చూసి పంపమని నాకు ఆర్డరు. ఆ పనిలో నా చేతి పొరపాటు ఒక్కటీ లేదు. అయినా యాదయ్య అనే మనిషి చచ్చిపోయాడు.

అతని ప్రాణం తీసిన తుపాకి అనంతరెడ్డి పటేల్‌ది. డెబ్బై దాటిన రైతు. తాతల నాటి లివర్ రైఫిల్ అది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప పిడిని కిందికి తోసి పైకి లాగితే కొత్త రౌండు ఎక్కుతుంది. పటేల్ రాలేదు, కొడుకు శ్రీపాల్ కారులో తెచ్చాడు. తండ్రి తరఫున ఆయుధం మోసే రిటైనర్‌గా అతని పేరు లైసెన్సులో ఉంది.

“బాపుకు మోకాళ్ల నొప్పులు సార్. సంతకం నేనే పెడ్త, జర జల్ది చూడున్రి” అన్నాడు.

మొయినాబాద్ అవతల మా ఫైరింగ్ రేంజ్‌లో, రైఫిల్‌ను ఇసుక బస్తాల మీద ఆనించి యాభై గజాల నుంచి ఐదు రౌండ్లు కొట్టాను. ఐదూ పిడికిలంత చోటులోనే పడ్డాయి, కానీ గురి అట్ట మీది నల్ల చుక్కకు జానెడు ఎడమకు. అలా ఒక్కచోట పడితే గొట్టం బాగున్నట్టు, గురి చూసే సైటే పక్కకు పోయినట్టు. ముందు వైపు సైటు గొట్టం మూతి దగ్గరి గాడిలో బిగిసి ఉంటుంది. తూటా ఎటు పోతుందో దాన్నీ అటే జరపాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడి ఉల్టా జరుపుతారు. నూనె పోసి తుప్పు వదిలించి, ఇత్తడి ముక్క అడ్డం పెట్టి మెల్లగా కొట్టాను. మొత్తం జరిగింది బియ్యపుగింజ మందం. మళ్లీ ఐదు రౌండ్లు, ఐదూ నల్ల చుక్కలో. అంత పాతదాన్ని దారికి తెచ్చానని ఆ రోజంతా గొప్పలు పోయాను. ‘సరిచేసి అప్పగించడమైనది’ అని రాసి శ్రీపాల్ సంతకం తీసుకున్నాను.

పదిరోజులకు, తెల్లవారిన కాసేపటికి, పటేల్ తన మక్క చేను పక్కన ఒక పంది మీదికి తుపాకి పేల్చాడు. యాదయ్య ఆయన దగ్గర ఏళ్లుగా పనిచేసే మనిషి. డబ్బా వాయిస్తూ పందులను చేలోంచి బయటికి తోలుతున్నాడు. తూటా పంది మూతి ముందు నుంచి పోయి, దానికి కుడిగా వెనుక గట్టెక్కుతున్న యాదయ్య తొడలో దిగింది. పట్నం దవాఖానకు తీసుకుపోతుంటే మొయినాబాద్ దాటకముందే ప్రాణం పోయింది.

రైఫిల్ మళ్లీ నా బల్ల మీదికే వచ్చింది. కొట్టి చూస్తే ఐదూ నల్ల చుక్కలోనే. ఆయుధంలో లోపం లేదని రాసిచ్చాను. స్టేషన్ బెంచీ మీద కూర్చున్న పటేల్ నన్ను పిలిచాడు.

“సార్, గది నా చిన్నప్పటి సంది ఎడమకు జానెడు పోతది. నేను ఎప్పుడైనా జానెడు కుడికి పట్టే కొడ్త. మొన్న గూడ గట్లనే పట్టిన. ఎట్ల తప్పింది?”

“నేను సైటు సరిచేసిన పటేలా” అన్నాను.

చెకింగ్ అయిందని తప్ప కొడుకు ఆయనకు ఇంకేమీ చెప్పలేదట. పటేల్ “నాకొక్క మాట చెప్పొద్దా?” అన్నాడు.

నిర్లక్ష్యంగా కాల్చాడని కేసు పటేల్ ఒక్కడి మీదే పెట్టారు. సైటు జరిపిన సంగతి ఆయనకు తెలియదని నా వాంగ్మూలంలో నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేను భయపడ్డాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మిగిలిన సర్వీసులో, కొట్టే మనిషి స్వయంగా వస్తే తప్ప ఏ తుపాకికీ సైటు జరపలేదు. ఎటు, ఎంత జరిపానో చెప్పి, నా ముందే అతని చేత మూడు రౌండ్లు కొట్టించాకే సంతకం పెట్టాను. దానికి పట్టేది పావుగంట.