వేన్నీళ్ల గట్టు మీద ఫోను

నాకు రోత ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. ఒకరు తాగిన గ్లాసుతో నీళ్లు తాగలేను. పెళ్లి పంక్తిలో పక్కవాడి ఆకులోంచి చారు నా వైపు పారితే అన్నం వదిలేసి లేచిపోయేవాణ్ణి. సిడ్నీ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, గిరావీన్‌లో సొంత ఇల్లు కట్టుకుని తెల్లవాళ్ల ఆఫీసులో ఇంజనీరుగా స్థిరపడినా ఆ గుణం పోలేదు. ఆఫీసు కిచెన్‌లో అందరూ వాడే కప్పులు ఇప్పటికీ ముట్టను. అలాంటివాణ్ణి జపాన్ దక్షిణపు కొసన ఉన్న క్యూషూకి, వేడినీటి బుగ్గల ఊళ్లకి లాక్కుపోయింది నా స్నేహితుడు.

అతను డాక్టరు. గుంటూరు వైపు మనిషి. సిడ్నీలోనే ద పాండ్స్ అనే పేటలో పెద్ద ఇల్లు, అక్కడికి దగ్గర్లోనే సొంత క్లినిక్. మా ఇంటిల్లిపాదికీ అతనే వైద్యుడు. మా ఆవిడకి థైరాయిడ్ ఉందని కనిపెట్టింది అతనే. నాకు కడుపునొప్పి వచ్చినప్పుడు బల్ల మీద పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, చెయ్యి వేసి నొక్కి చూసిందీ అతనే. తెలుగువాళ్ల సభ ఎక్కడ జరిగినా మైకు అతని చేతికే వెళ్లేది. ఎవరినైనా అనుకరించి కడుపుబ్బ నవ్వించేవాడు. ఆ నవ్వే నన్ను అతని పక్కన పదిహేనేళ్లు నిలబెట్టింది.

పోయినేడాది మేం రెండు జంటలం బయలుదేరాం. అక్కడ కారు అద్దెకి తీసుకున్నాం. మన సిడ్నీలాగే అక్కడా ఎడమవైపే నడపాలి కాబట్టి డ్రైవింగ్ డాక్టరు తీసుకున్నాడు.

మొదట కుమమోతో కోట చూశాం. భూకంపానికి కూలిన గోడల రాళ్లని మైదానంలో వరుసగా పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు వేశారు. ఏ రాయి ఎక్కడి నుంచి పడిందో మళ్లీ అక్కడే పెట్టడానికట. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. డాక్టరు మాత్రం, "రాళ్లకి రోల్ నంబర్లేంట్రా! మా కొండవీడు రాళ్లయితే ఈపాటికి ఎవడో ఇంటి పునాదికి ఎత్తుకుపోయుండేవాడు," అంటూ తాడు దాటి వెళ్లి ఒక రాయి మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఫొటో తియ్యి."

కాపలా ఉన్న ముసలావిడ పరుగున వచ్చి, చేతులు జోడించి దిగమని బతిమాలింది. అతను ఆవిడలాగే నడుం వంచి, ఆవిడ గొంతులాగే సన్నగా ఏదో కూశాడు. అప్పటికి నేను ఫొటో తీసేశాను.

ఆసో కొండ మీద అగ్నిపర్వతం నోరు చూడాలనుకున్నాం గానీ, ఆ రోజు విషవాయువు ఎక్కువగా ఉందని దారి మూసేశారు. డాక్టరు గేటు దగ్గర మనిషితో అరగంట వాదించాడు. అక్కడి నుంచి కగోషిమా వెళ్లి, పడవెక్కి సకురజిమాకి చేరాం. సముద్రం మధ్య దీవిలా లేచిన కొండ, దాని తల మీద ఎప్పుడూ పొగ. ఆ మధ్యాహ్నం గాలి మా వైపు తిరిగి బూడిద కురిసింది. బెంచీ మీద, కారు మీద, మా ఆవిడ సిడ్నీ నుంచి తెచ్చిన పొడితో కలిపిన పులిహోర మీద కూడా. ముద్ద నోట్లో పెట్టుకుంటే పళ్ల మధ్య కరకరలాడింది. ఉమ్మేశాను. అక్కడివాళ్లు మాత్రం ఇంటి ముందు బూడిద ఊడ్చి, పసుపు రంగు సంచుల్లో నింపి, మూతి కట్టి, సిడ్నీలో మనం చెత్త వేసిన రెడ్ బిన్ బయట పెట్టినట్టు వీధి చివర పెడుతున్నారు. ఏళ్ల తరబడి ఇదే పని. ఇంత మురికిలో ఎలా బతుకుతార్రా బాబూ అనుకున్నాను. నిజమే చెప్తున్నాను, ఆ ప్రయాణంలో నాకు కలిగిన మొదటి ఆలోచనలన్నీ ఇలాంటివే.

ఆ మర్నాడు కొండల్లో ఒక చిన్న సత్రానికి వెళ్లాం. కారు దిగగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన కొట్టింది. నేలలోంచి, కాలువలోంచి, గోడ సందుల్లోంచి ఆవిరి. గంధకం వాసన ఆరోగ్యానికి మంచిదేనన్నాడు డాక్టరు. నేను ముక్కు మీంచి జేబురుమాలు తియ్యలేదు.

సత్రం నడిపేది ఒక ముసలాయన కొడుకూ కోడలూ. గుమ్మంలో మాకు ఎదురొచ్చింది మాత్రం ఆ ముసలాయనే. ఎనభై ఏళ్లుంటాయి. వద్దంటున్నా మా పెట్టెలు తనే మోశాడు. ఫోనులో ఏదో మాట్లాడి మా ముందు పెడితే అది ఇంగ్లిషులో, "స్నానానికి ఇదే మంచి సమయం. ఇప్పుడు వేరే ఎవరూ లేరు," అంది. ఆడవాళ్లిద్దరూ వాళ్ల వైపు వెళ్లారు. మేమిద్దరం మగవాళ్ల గదిలోకి వెళ్లాం.

బట్టలన్నీ విప్పాలి. చడ్డీ కూడా ఉండకూడదు. నేను తువ్వాలు పట్టుకుని ఒక మూల నిలబడిపోయాను. తొట్టిలో నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి, పైన తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. ఆ నీళ్లలో నాకంటే ముందు ఎంతమంది కూర్చున్నారో తలుచుకుంటే నాలుక వెనక్కి మడత పడింది. కూర్చుని ఒళ్లు కడుక్కోవడానికి చిన్న చెక్కపీటలున్నాయి. వాటి మీద ఎవరెవరు కూర్చున్నారో!

మా అవస్థ ఆ ముసలాయన తలుపు దగ్గర నుంచి చూశాడు కాబోలు. లోపలికొచ్చి, తన బట్టలు తనే విప్పి మడతపెట్టి బుట్టలో పెట్టాడు. మాకు సిగ్గు పోవాలని ఆయనే ముందు బట్టలు విప్పాడు, అంతే. రొమ్ము కింద నుంచి బొడ్డు దాటేదాకా పొడుగాటి కుట్ల మచ్చ ఉంది. దాన్ని దాచుకోలేదు. పీట వేసుకుని కూర్చుని, ముందు సబ్బు, తర్వాత తల మీంచి నీళ్లు, చిన్న తువ్వాలు నీళ్లలో మునగకుండా నెత్తి మీద పెట్టుకోవడం, అన్నీ చేసి చూపించాడు. తర్వాత ఇంకో పీట తీసి, వేన్నీళ్లతో రెండు సార్లు కడిగి, చేత్తో తుడిచి, నా ముందు పెట్టాడు. నా మొహంలో రోత ఆయనకి కనపడిందని అప్పుడు తెలిసింది. చెంబుతో నా పాదాల మీద కొంచెం నీళ్లు పోసి, వేడి సరిపోయిందా అన్నట్టు తలెత్తి చూశాడు.

ముగ్గురం తొట్టిలో దిగాం. నీళ్లు భుజాల దాకా వచ్చాయి. ఒళ్లు వదులైంది. అప్పుడు డాక్టరు ముసలాయన వైపు చూస్తూ, మొహం నిండా మర్యాద పులుముకుని, తెలుగులో అన్నాడు. "చూడరా తాతని. ఈకలు పీకి ఉడకబెట్టిన కోడిలా లేడూ?"

నేను నవ్వాను. పగలబడి నవ్వాను. మేం సంతోషంగా ఉన్నామనుకుని ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు.

ఆ నవ్వులోనే గట్టు వైపు చూశాను. డాక్టరు తువ్వాలు మడత మధ్య ఫోను. కెమెరా కన్ను బయటికి ఉంది. దాని పైన గోడ మీదే, ఫోను బొమ్మ గీసి, ఎర్ర గీతతో కొట్టేసిన పలక.

"ఏంట్రా అది?"

"ష్. మెమరీ కోసం. మొహం అటు పెట్టకు."

నేను అరవలేదు. లేచి ఆ ఫోను తియ్యలేదు. నేను చేసింది ఒక్కటే. నీళ్లలోనే మెల్లగా జరిగి, ఆ కన్నుకి అందకుండా రాతి స్తంభం వెనక్కి వెళ్లాను. ముసలాయన తన చోటనే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆయన లేచి, గట్టెక్కి, మాకు నడుం వంచి నమస్కరించి వెళ్లిపోయాడు.

సాయంత్రం భోజనం పళ్లేలు ఆయనే తెచ్చాడు. మా ఆవిడ శాకాహారి. ఆ దేశంలో పులుసులన్నిట్లో చేప ఉంటుంది కాబట్టి, మేం ముందే చెప్పామని, కోడలు ఆవిడ కోసం విడిగా పుట్టగొడుగులతో వండిందట. గిన్నె పక్కన వంకర ఇంగ్లిషు అక్షరాలతో 'చేప లేదు' అని చీటీ. మా ఆవిడకి కళ్లు చెమర్చాయి. డాక్టరు నా కాలు తన్ని, కంటితో ముసలాయన్ని చూపించి నవ్వు బిగపట్టాడు. నేను పళ్లెం పక్కకి జరిపాను. జెట్‌లాగ్ అన్నాను. వచ్చి వారం అయిందని ఎవరికీ గుర్తురాలేదు.

సిడ్నీ వచ్చిన రెండు వారాలకి, ఒక శనివారం మధ్యాహ్నం డాక్టరు ఇంట్లో బార్బెక్యూ. పది పన్నెండు మందిమి. మొక్కజొన్న కంకులు, పనీరు ముక్కలు కాల్చుకు తిన్నాక అందరినీ లోపలికి పిలిచి టీవీకి ఫోను తగిలించాడు. కోట, బూడిద, పసుపు సంచులు. అందరూ ఓహో అంటున్నారు. ఆ తర్వాత, గోడంత తెర మీద, ఆ ముసలాయన.

బట్టల్లేకుండా, చెంబు పట్టుకుని, వంగి ఉన్నాడు.

ఆడవాళ్లు మొహాలు కప్పుకుని నవ్వారు. మగవాళ్లు ఈల వేశారు. డాక్టరు బొమ్మ ఆపి, చూపుడు వేలు ఆయన పొట్ట మీద పెట్టి, "ఈ గాటు చూశారా? స్టొమక్ కనీసం సగం తీసేసుంటారు. క్యాన్సరే అయ్యుంటుంది. ఆ వయసులో అంత సర్జరీకి బతికాడంటే గ్రేటే," అన్నాడు, సభలో మైకు పట్టుకున్న గొంతుతో. మళ్లీ కదిలించాడు. తెర మీద మనిషి కోడి మాటకి నవ్వుతున్నాడు. ఆయన నవ్వు కన్నా గట్టిగా ఇంకో నవ్వు వినిపిస్తోంది. అది నాది. నా నోట్లో పనీరు ముక్క ఉంది. మింగలేక టిష్యూలోకి ఊసేశాను.

డాక్టరు కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతోంది. "డాడ్, డజ్ హీ నో?" అంది.

"ఎవరికి తల్లీ?"

"ద ఓల్డ్ మ్యాన్. డిడ్ యూ ఆస్క్ హిమ్?"

"ఎక్కడో జపాన్‌లో ముసలాయన. ఆయన్నేం అడుగుతామమ్మా? సరదాకి."

"సో యూ డిడ్‌న్ట్," అని లేచి, పైకి వెళ్లి తలుపు వేసుకుంది.

అప్పుడు, ఆ పిల్ల అన్నాక, నాకు నోరొచ్చింది. "తీసెయ్యరా. ఇప్పుడే డిలీట్ చెయ్యి. నువ్వు డాక్టరువి. రేపు నా పొట్ట కూడా ఇలాగే చూపిస్తావా?"

అతను కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఎక్కువగా తగిలింది. టీవీ రిమోట్ సోఫాలో పడేసి, మెల్లగా అన్నాడు. "ఫోను చూడగానే స్తంభం వెనక్కి జరిగావు కదరా నువ్వు. నీ పరువు నువ్వు చూసుకున్నావు. అప్పుడు తాత గుర్తురాలేదా?"

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది. బయటికి వచ్చేశాం.

కారు గిరావీన్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ అడిగింది. "అన్నయ్యగారు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"ఆ ముసలాయన చీటీతో తెచ్చిపెట్టిన అన్నం తిన్నాను నేను. నువ్వు అప్పటికే ఇది చూసొచ్చి నా పక్కన కూర్చున్నావా?" ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. చెత్తబుట్ట మూత తీసినప్పుడు మొహం తిప్పుకుంటామే, అలా కిటికీ వైపు తిరిగింది.

తర్వాత తెలిసింది, ఆ వీడియో అప్పటికే వాట్సాప్‌లో వెళ్లిపోయిందని. ఎవరెవరికి వెళ్లిందో కనుక్కుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకాయన సారీ చెప్పి తీసేశాడు. ఒకడు, "లైట్ తీస్కో అన్నా," అన్నాడు. ఇంకొకడు హైదరాబాదులో తమ్ముడికి పంపానన్నాడు. అక్కడితో ఆగిపోయాను. డాక్టరు కూడా తీసేశాడని, కూతురు వారం రోజులు అతనితో మాట్లాడలేదని తర్వాత అతని భార్య చెప్పింది.

సత్రానికి ఉత్తరం రాసి క్షమాపణ అడుగుతానన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఏమని రాస్తావు? నీ మనసు తేలికవడానికి ఆయన చేత ఇంకోసారి బట్టలు విప్పిస్తావా?" రాసిన కాగితం చింపేశాను.

వైద్యుణ్ణి మార్చేశాను. కొత్త క్లినిక్‌లో చొక్కా ఎత్తమంటే ముందు గది నాలుగు మూలలూ చూస్తాను. ద పాండ్స్ వైపు వెళ్లడం మానేశాం. ఒకసారి ఇండియన్ షాపులో కొత్తిమీర దగ్గర డాక్టరు ఎదురయ్యాడు. "ఏరా, ఎలా ఉన్నావ్?" అన్నాడు, ఏమీ జరగనట్టు. బాగానే ఉన్నానన్నాను. చెయ్యి చాపితే ఇచ్చాను కూడా.

జనవరిలో సత్రం నుంచి కార్డు వచ్చింది. రిజిస్టరులో రాసిన అడ్రసులకి పంపారన్నమాట. ఆవిరి లేస్తున్న కొండ బొమ్మ, వెనక ముసలాయన చేతిరాత, కింద కొడుకు ఇంగ్లిషులో రాసిన రెండు ముక్కలు. మీ నవ్వు మా నాన్నగారికి ఇంకా గుర్తుంది, మళ్లీ రండి. డాక్టరు భార్య ఫోన్ చేసి, "మీక్కూడా వచ్చిందా వదినా? ఎంత మర్యాద వాళ్లకి!" అందట.

మా ఆవిడ కార్డుకి జవాబు రాసింది. వాళ్ల పుట్టగొడుగుల వంట గురించి, ఆ చీటీ గురించి రాసి, కింద నన్నూ సంతకం పెట్టమంది. పెట్టాను. ఆఫీసు కాగితాల మీద పెట్టినట్టే గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది సంతకం. దాన్ని చూసి నాకు అసహ్యం వేసింది. అయినా కవరు అంటించి పోస్టులో వేసి వచ్చాను.