కరెంటుకు నీరటి

ఈ యాసంగిలో మా ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలింది. మూడోసారి కాలితే రాజవ్వ రెండెకరాల వరి చేతికి రాదు.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద పదమూడు మోటార్లున్నాయి. లైనుకు తోకన ఉన్నది రాజవ్వది. తలన, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకున్నట్టుగా ఉన్నది మాది. అందరం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు పోయి వచ్చిందంటే పదమూడు మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. వోల్టేజీ అందక ముందు రాజవ్వ మోటారు కాలుతుంది, ఆ వెనక ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. "తల కాడ ఉన్నోళ్లకు తోక బాధ ఏమెరుక, వదినె," అని ఆమె ఒకరోజు అనేసింది. నాకు చాలా కోపం వచ్చింది. నిజమైన మాటకు వచ్చే కోపమే అది.

కోటగిరి వైపు ఒక ఊళ్లో ఎండ ఉన్నప్పుడే, వంతుల ప్రకారం మోటార్లు నడుపుకుంటున్నారనీ, రెండేళ్లుగా ట్రాన్స్‌ఫార్మర్ చెడలేదనీ మా లైన్‌మన్ చెప్పాడు. మా ఇంటాయన నవ్వాడు. "బిల్లు లేని కరెంటుకు వంతులేంది?" అన్నాడు. చూసి వచ్చి చెబుతానన్నాను.

పొద్దున ఆరు పదికి మెట్‌పల్లిలో పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే కాబట్టి ఖర్చు లేదు, కాకపోతే సీటు కూడా లేదు. ఆర్మూర్ దాకా నిలబడ్డాను. అక్కడ పసుపు బస్తాలు దించిన ఇద్దరు దిగిపోతే కిటికీ పక్క సీటు దొరికింది. ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండు. బయట బండి మీద ఇడ్లీ, చాయ్ కలిపి నలభై రూపాయలు. ఇడ్లీ వేడిగా ఉంది, పల్లీ చట్నీ నీళ్లనీళ్లగా ఉంది.

ఎనిమిదిన్నరకు బోధన్ బస్సు. నా పక్కన ఎడపల్లిలో ఎక్కిన పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడికి బిడ్డా అని అడిగి, విషయం చెప్పగానే మెడ తిప్పి నన్ను పూర్తిగా చూశాడు.

"గిప్పుడు గిదంత వరే గని, ఒకప్పుడు గిదంత చెరుకే," అన్నాడు. "చక్కెర ఫ్యాక్టరీ కోత సిట్టీ రాందే ఒక్క గడ కొయ్యకపోదుము. ఎవల వంతు ఎప్పుడో ఊరంతకు ఎరుక. వంతు తప్పి బండి కట్టినోడు గేటు కాడ మూడు దినాలు కూసునేది."

"మోటర్లకు గట్ల సిట్టీ ఉంటే బాగుండు బాపు," అన్నాను.

"ఉంటది. ఇచ్చేటోళ్లు గావాలె," అని కళ్లు మూసుకున్నాడు. బోధన్ వచ్చేదాకా మళ్లీ తెరవలేదు.

బోధన్ బస్టాండులో సగం మాటలు మరాఠీలో వినిపించాయి. అలా మాట్లాడేవాళ్లలోనే ఒకామె కోటగిరి బస్సు ఎక్కడ ఆగుతుందో నాకు వేలితో చూపించింది. కోటగిరిలో దిగేసరికి పదింబావు. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: నాలాగా కాకుండా తొమ్మిదికే చేరుకోండి. మొదటి వంతు మొదలయ్యేది అప్పుడే. నేను పోయేసరికి అది సగం అయిపోయింది.

ఆ వంతులు నడిపే మనిషి పేరు సాయవ్వ. యాభై దాటి ఉంటాయి. వాళ్ల నాయన కాలువకు నీరటి. తూము తెరిచి ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసే మనిషన్నమాట. ఊరివాళ్లు ఈమెను కరెంటు నీరటి అంటారు. చేతిలో పార బదులు ఫోను ఉంది.

"ఎండెక్కితే గా సోలార్ ప్లేట్లల్ల కరెంటు మస్తు తయారైతది చెల్లె," అంది గట్టు మీద నడుస్తూ. "గప్పుడు వాడకపోతే అది దండుగ. మనం పొద్దుగాల ఆరింటికే మోటర్లు తిప్పితే, మన కోసం ఇంకోకాడ బొగ్గు కాల్చాలె. గందుకే సబ్‌స్టేషనోళ్లు ఫోన్ల చెప్తరు, ఎండ కరెంటు వచ్చింది, నడుపుకోండి అని."

మొదటి రోజు ఆ కబురు రాగానే ఏమైందో కూడా చెప్పింది. కబురు అందరికీ ఒక్కసారే వెళ్లింది. పన్నెండు మంది ఒక్కసారే బటన్ నొక్కారు. ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కింది.

"పెండ్లిల బంతి బంతికి కూసుంటం గద. మావోళ్లు గారోజు అందరు ఒకటే బంతికి కూసున్నరు," అని నవ్వింది. ఆ తర్వాత వాళ్ల నాయన పద్ధతి పట్టుకొచ్చింది. కాలువలో తోక పొలానికి ముందు పారించాలి, తల పొలానికి చివర. తలకు ముందిస్తే తోకకు చుక్క మిగలదు. కరెంటుకూ అదే వంతు పెట్టింది. తొమ్మిది నుంచి నాలుగు దాకా మూడు వంతులు, వంతుకు నాలుగు మోటార్లు, తోకవి ముందు.

ఆమె ఇంటి వసారాలో నేనూ అన్నం తిన్నాను. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఒంటిగంట దాటాక ఎండ మందగించింది, పడమట మబ్బు లేచింది. సాయవ్వ ఫోనుకు సబ్‌స్టేషన్ నుంచి మెసేజ్ వచ్చింది. చదివి, నడిమి వంతులో ఉన్న రైతుకు ఫోను చేసింది.

"గంగారాం అన్నా, మబ్బువట్టింది. మోటరు బందుపెట్టు."

"ఇంకో గడియ అక్కా, మడి సగమే పారింది," అవతలి గొంతు నాకూ వినిపించింది.

"నీ వంతు రేపు కలుపుత. రాసుకున్న. బందుపెట్టు."

తిట్టుకుంటూనే ఆపాడు. మిగతా ముగ్గురూ ఆపారు. ముప్పావు గంటకు మబ్బు విడిపోయింది, మళ్లీ కబురొచ్చింది, ఆఖరి వంతు నాలుగు మోటార్లు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. ఎండ చెప్పినట్టు ఊరు వింటుంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

"బిల్లు లేదు గద అక్కా. ఎందుకు ఇంటున్నరు?" అన్నాను, మా ఇంటాయన మాట గుర్తొచ్చి.

"కరెంటుకు బిల్లు లేదు. మోటరు కాలితే ఎవలిస్తరు?"

వసారా గోడకు పన్నెండు ఆటో స్టార్టర్లు వరసగా వేలాడుతున్నాయి. మళ్లీ దొంగతనంగా బిగించుకోకుండా అన్నీ తన దగ్గరే పెట్టుకుందట. ముందుగా ఎవరిది తీశారని అడిగాను.

"నాదే. మాది ట్రాన్స్‌ఫార్మర్ పక్కది. తలకాడోళ్లు తియ్యందే తోకోళ్లు నమ్మరు." మాట ఆపి నా వైపు తిరిగింది. "మీది ఏడ ఉంటది చెల్లె?"

"పక్కనే," అన్నాను. నాకు సిగ్గేసింది. మా ఊళ్లో మొట్టమొదట ఆటో స్టార్టర్ కొన్నది మేమే. మమ్మల్ని చూసే మిగతావాళ్లు కొన్నారు.

మూడు గంటలకు ఆటో, మూడున్నరకు బోధన్ బస్సు, అయిదింటికి నిజామాబాద్. మెట్‌పల్లి బస్సు కదలగానే మా ఇంటాయనకు ఫోను చేశాను.

"రేపు పొద్దుగాల మన స్టార్టర్ తీసేస్తున్న."

"మనదే ముందెందుకే? ఊరంత తీసినంక సూద్దాం."

"ఊరంత మనల్ని సూసే పెట్టింది. మనల్ని సూసే తీస్తది."

"సూసుడు అంటివి, తీసుడు అంటున్నవ్," అన్నాడు. అది ఒప్పుకున్నట్టే. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలుస్తుంది.

ఆ రోజంతా నేను చూసింది కొత్త యంత్రమేమీ కాదు. సిట్టీ కోసం చెరుకు బండి ఆపుకున్న వాళ్లకు, తూము కాడ వంతు కోసం కూర్చున్న వాళ్లకు పాత అలవాటే అది. ఎండకు తగ్గట్టు వాడుకోవడం, మబ్బుకు ఆగడం మనకు రానిది కాదు. ముందు నిలబడ్డవాడు ఒకడుగు వెనక్కి వెయ్యాలి, అంతే.

ఆర్మూర్ దాటాక రాజవ్వకు ఫోను కలిపాను.

"రేపటి నుంచి వంతులు పెడుదాం రాజవ్వా. పొద్దున తొమ్మిదింటికి మొదటి వంతు నీది. మాది ఆఖరు. మా స్టార్టర్ రేపే తీస్తున్న."

"గీ ముచ్చట ఫోన్ల ఇంటే నేను నమ్మ వదినె," అంది మెల్లగా. "పొద్దుగాలే వస్త. తీసుడు నా కండ్లతోని సూస్త."

"ఉత్త చేతులతోని రాకు. పానా తెచ్చుకో. నువ్వే ఇప్పు."