దేవుడి గూట్లో తూటా

ఆదెన్నకు ఏదీ ఒక పట్టాన తేలదు. వేరుశనగ ఈ వానకు వేద్దామా, వచ్చే వానకు వేద్దామా అని ఊరంతా అడిగి, అందరూ విత్తేశాక తను మొదలుపెడతాడు. అంగట్లో రెండు చొక్కాలు పట్టుకుని నిలబడితే, విసుగొచ్చి అంగడివాడే ఒకటి చుట్టి చేతిలో పెడతాడు. "నీకు గెట్టిగా తెలిసింది ఒక్కటన్నా ఉండాదా?" అని భార్య ఓబులమ్మ అడిగితే, దానికీ కూర్చుని ఆలోచిస్తాడు మహానుభావుడు.

ఒక్కటి ఉంది. వెనక వీధి వన్నూరప్ప ఆదెన్న నాయన తిమ్మప్ప మీద తుపాకీ పేల్చాడు. అందులో మాత్రం ఆదెన్నకు రవ్వంత అనుమానం లేదు. ఎప్పుడో ఒక సాయంత్రం తిమ్మప్ప భుజాన లైసెన్సు రైఫిలు, దాని తోలు సంచి వేసుకుని చేలో నుంచి వస్తుంటే ఢామ్మని మోత వినబడిందట. తిరిగి చూస్తే గట్టు మీద వన్నూరప్ప, తన కాళ్ల దగ్గర పేలని తూటా! వన్నూరప్ప చేతిలో తుపాకీ ఉందా లేదా అని ఒక్కరైనా అడిగితే ఒట్టు. తిమ్మప్ప ఆ తూటాను దేవుడి గూట్లో పెట్టాడు. రెండిళ్ల మధ్య మాట ఆగిపోయింది. తిమ్మప్ప పోయాడు, వన్నూరప్పా పోయాడు. తూటా మాత్రం ఏటా బొట్టు పెట్టించుకుంటూ గూట్లోనే ఉంది.

ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ ఆదివారం సాయంత్రం లోపల బెళుగుప్ప స్టేషన్‌లో అప్పగించాలి, లేకపోతే లైసెన్సు రద్దు. ఆ పొద్దున్నే చేలో అడవి పందులు పడ్డాయి. ఇచ్చేసే ముందు ఒకసారి బెదరగొడదామని ఆదెన్న గాల్లోకి కాల్చాడు. ఖాళీ తొడుగు తీసేదానికి తుపాకీ బోల్టు లాగితే ఇత్తడి ముక్క కింద పడింది. ఇంకో తూటా పెడితే సగం దాకా పోయి నిలిచింది. దాన్ని తీసేసి వంగి చూస్తే, కింద పడింది పేలిన తూటా అడుగు బిళ్ల మాత్రమే. మిగతా తొడుగు లోపలే కరుచుకుని ఉంది.

"పేలిందా, పేల్లేదా?" అంది ఓబులమ్మ.

"పేలింది."

"మరి బయటికొచ్చిందా?"

"వచ్చింది... రాలేదు."

ఓబులమ్మ తల కొట్టుకుంది. ఇలా తీసుకుపోతే స్టేషన్‌లో ఏమంటారో! పుల్లతో పొడిచాడు, తుపాకీ తలకిందులు చేసి ఊపాడు, ఆముదం పోద్దామా వద్దా అని గడియసేపు సీసా పట్టుకుని నిలబడ్డాడు. అనంతపురంలో రిపేరీ అంగడి ఆదివారం తెరవరు.

"నల్లప్ప దగ్గరికి పో. మిలిటరీలో తుపాకులు బాగుచేసినోడు."

"వన్నూరప్ప కొడుకు గడప తొక్కాల్నా నేను?"

"తొక్కద్దులే. లైసెన్సు పోగొట్టుకుని ఇంట్లో కూచో."

పోవాలా వద్దా అని నాలుగుసార్లు చెప్పులు వేసి విడిచి, చివరికి పోయాడు.

"ఏమప్పా ఆదెన్నా, దోవ తప్పినావా?" అన్నాడు నల్లప్ప. అంటూనే రైఫిలు అందుకున్నాడు. బోల్టు ఊడదీసి గొట్టంలో నుంచి ఆకాశం చూసి, గుండు అడ్డం లేదని నమ్మకం కుదిరాక, తెగిన బిళ్లను గోటితో గీకాడు. అంచంతా నల్లగా తినేసి ఉంది.

"తూటాలకు ఏం పూసినారు?"

"ఆయుధ పూజకు పసుపు, కుంకుమ. ఏటా."

"ఏటా ఈ తూటాలకేనా?"

"కాల్చేది తక్కువ గదన్నా."

"భేష్. మీ భక్తికి ఇత్తడే చివికి తెగింది." నల్లప్ప నవ్వాడు. "ఈ రైఫిలుతో, తెగిన తొడుగు లాగే ఇనుప పనిముట్టు ఒకటి వస్తాది. చూసేదానికి తూటానే. మందుండదు, కొసన చీలికలుంటాయి. మీ ఇంట్లో ఉండాదా?"

ఆదెన్నకు దేవుడి గూడు గుర్తొచ్చింది. ఉందనాలా, లేదనాలా? అది తేలకముందే ఇంటికి పరుగెత్తాడు.

"మామ తూటా యాడికి తీసకపోతావయ్యా?" అని ఓబులమ్మ అరుస్తూనే ఉంది. గూట్లో నుంచి తీసి, గట్టిపడిన కుంకుమ పంచెతో తుడిచాడు. కొసన చీలికలు కనిపించాయి.

నల్లప్ప దాన్ని లోపల పెట్టి, బోల్టు బిగించి, వెనక్కి ఒక్క లాగు లాగాడు. చీలికల చుట్టూ ఉంగరంలా పట్టుకుని తెగిన తొడుగు బయటికొచ్చింది. అంతే! పొద్దుటి నుంచి చచ్చిన చావంతా అంతే.

"ఇంత మంచి పనిముట్టు యాడ దాచినారప్పా?"

ఆదెన్న గడప దాకా పోయి తిరిగొచ్చాడు. ఈ మనిషి ముఖం మీద ఎలా చెప్పడం? చెప్పకుండా ఎలా పోవడం? "ఇది... మీ నాయన మా నాయన మింద కాల్చిన తూటా. పేల్లేదని గూట్లో పెట్టినాం."

నల్లప్ప ఆ ఇనుప ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. "పేలని తూటా తుపాకీలోనే ఉంటాదప్పా. ఎగిరొచ్చి కాళ్ల కాడ పడతాదా? మీ నాయన సంచిలో నుంచే జారి పడింటాది." దాన్ని ఆదెన్న చేతిలో పెట్టాడు. "ఆ మోత, మా బావిలో బండ పేల్చిన మోత. మా నాయన చెప్తానే సచ్చిపోయినాడు. పాడె మోసేదానికి మీ వీధి నుంచి ఒక్కడు రాలేదు."

తుపాకీ తీసుకుని ఆదెన్న బెళుగుప్ప బస్సెక్కాడు. నాయన తెలిసే చెప్పాడా? నాయనే మోసపోయాడా? అడుగుదామంటే నాయన లేడు. దారి పొడవునా ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి కోసమో తెలియలేదు.

స్టేషన్‌లో తుపాకులతో వరసగా నిలబడిన వాళ్లలో సగం మంది తన ఊరివాళ్లే. పేర్లు రాసుకునే రైటర్ రైఫిలు తిప్పి చూసి, "ఖాళీనే గదా? ఇంకేమన్నా ఉండాయా?" అన్నాడు.

ఆదెన్న జేబులో నుంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. వెనక నిలబడిన ఊరివాళ్లు మెడలు సాచారు. ఆ తూటాను ఎరగనివాళ్లు లేరు.

"ఏందిది, తూటానా?"

"కాదు సార్." ఆదెన్న గొంతు స్టేషనంతా వినబడింది. "ఇది తూటా కాదు. వన్నూరప్ప మా నాయన్ను కాల్చలేదు."

రైటర్ తికమకగా చూశాడు. "వన్నూరప్ప ఎవరప్పా? నేనడిగింది అది కాదు."

"నేను చెప్పాల్సింది అదే సార్," అన్నాడు ఆదెన్న.