అప్పలనర్సయ్య గారి వర్ధంతి

బతికున్న మనిషిని కరపత్రంతో చంపినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. కత్తి పట్టలేదు, కనీసం గొంతు పెంచలేదు. అరఠావు కాగితం మీద ఒకే ఒక్క మాట రాశాను.

అప్పుడు గుంటూరు నుంచి కొత్తగా కోల్‌కతా వచ్చి, భవానీపూర్‌లో ఒక విధాన పరిశోధన సంస్థలో చేరాను. ఊళ్లో నీళ్లు ఎటు పోవాలి, బస్సులు ఎటు పోవాలి అని పెద్దవాళ్లు ఆలోచించే చోటు అది. రాబోయే సభల జాబితా తయారు చేయడం నా పని. ఒక వారం ఫలానా వారి స్మారకోపన్యాసం, మరో వారం ఇంకొకరి శతజయంతి. పోయినవారి పేరు మీద ఉన్నవారు మాట్లాడతారు, మిగతావారు కునుకు తీస్తారు. మూడు నెలలు ఇవే రాసేసరికి, మా సభల బోర్డు మీదికి పేరెక్కాలంటే ముందు మనిషి పోవాలని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

నా రెండో నమ్మకం బెంగాలీ భాష గురించి. తెలుగు మాటలో 'వ' తీసి 'బ' పెట్టి, నోరు గుండ్రంగా చుట్టి పలికితే అదే బెంగాలీ. ఇంత సులువైన సంగతి పండితులకెందుకు తట్టలేదా అని జాలిపడేవాణ్ణి కూడా.

మా డైరెక్టర్ మీనాక్షీ దీ, అంటే మీనాక్షి అక్క, ఇంగ్లీషులో మాట్లాడుతూ, అసలు మాట దగ్గరికి రాగానే బెంగాలీలోకి దూకేస్తుంది. ఒకరోజు పిలిచి చెప్పింది.

"భూగర్భ కాలవల మీద సభ పెడుతున్నాం. అప్పలనర్సయ్య గారని, మీ తెలుగాయనే. నలభై ఏళ్లు ఆ కాలవల్లో పనిచేశారు. ఆయనకి సొంబర్ధొనా. ఖిదిర్‌పూర్ తెలుగు కార్మికుల క్వార్టర్లలో పంచడానికి నువ్వు తెలుగులో ఒక కరపత్రం రాయి."

సూత్రం ప్రయోగించాను. ముందున్న 'సొం' వదిలేసి, 'బ' తీసి 'వ' పెడితే వర్ధనా. వర్ధనా అంటే ఇంకేముంది, వర్ధంతి!

"అయ్యో, పాపం," అన్నాను.

"నిజమే, చాలా కష్టమైన పని," అందావిడ.

సొంబర్ధొనా అంటే సన్మానమనీ, దాన్ని నిక్షేపంగా ఉన్నవాళ్లకే చేస్తారనీ మీకిప్పుడే చెప్పేస్తున్నాను. నాకప్పుడు చెప్పినవాళ్లు లేరు. 'శ్రీ అప్పలనరసయ్య గారి వర్ధంతి సభ. అందరూ వచ్చి వారి ఆత్మకు శాంతి కోరండి' అని రాసి, ఆయన ఫొటో, వివరాలకు నా ఫోన్ నంబరు వేసి, అచ్చు వేయించుకుని ఖిదిర్‌పూర్ వెళ్లాను. అక్కడ ఆయన మనవరాలు, కాలేజీ పిల్ల, ఎదురొచ్చింది. నేను ముఖం దిగాలుగా పెట్టుకున్నాను.

"తాతయ్య ఉంటే మీతో ఎంత మాటాడీవోరో దాదా," అంది, అక్కడి అలవాటున నన్ను అన్నని చేసి.

"ఉంటే ఎంత బాగుండేదమ్మా! ఎప్పుడు పోయారు?"

"పొద్దున్నే ఎల్లిపోనారు." ఏ ఏటి పొద్దునో అడగడం మర్యాద కాదనుకున్నాను.

"బాధేమీ పడలేదు కదా?"

"ఏటి బాధ? నవ్వుకుంటానే ఎల్లినారు."

"పుణ్యాత్ములు," అని నిట్టూర్చి కరపత్రాల కట్ట చేతిలో పెట్టాను. ఆ పిల్ల తిప్పి తిప్పి చూసింది. "నాకు తెలుగు సదవడం రాదు దాదా. ఫొటో మాత్రం బావుంది," అని వాడంతా తనే అంటించింది. మొదటిది వాళ్ల తలుపు మీదే.

రెండు రోజుల తర్వాత ఫోన్ మోగింది.

"నానండీ, అప్పలనర్సయ్యని."

"ఏ అప్పలనర్సయ్య గారండీ?"

"అదే బాబూ, మీరు పోనాడని రాసిన అప్పలనర్సయ్యని. లిలువాలో కూతురింటికెల్లి తిరిగొచ్చీసరికి మా తలుపు మీద నాను పోయీసి ఉన్నాను. ఏటిది?"

ఆ వాడలో తెలుగు చదవగలిగిన మనిషి ఆయనొక్కడేనట. బస్సెక్కి పరుగెత్తాను. వెళ్లేసరికి ఆయన అట్లకాడతో గోడమీద కాగితం గీకుతున్నాడు.

"సూస్తన్నావేటి? రా, నన్ను గీకు," అని ఇంకో అట్లకాడ అందించాడు.

ఇద్దరం వాడంతా గీకాం. అన్నిటికీ క్షమాపణ చెప్పుకున్నాక, "సభకి వస్తారు కదా తాతగారూ?" అన్నాను.

"పోనోడు ఎలాగొస్తాడు బాబూ?" అన్నాడు, నవ్వకుండా.

ఆయన రాకపోతే సభ లేదు, సభ లేకపోతే నా ఉద్యోగమూ లేదు. కానీ నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఉద్యోగం గుర్తు రాలేదు. నలభై ఏళ్లు ఎవరికీ కనపడకుండా నేల కింద పనిచేసిన మనిషిని మొదటిసారి పైకి పిలిచి, నేనే మళ్లీ పూడ్చిపెట్టానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

సభరోజు హాలు నిండింది. క్వార్టర్ల నుంచి అందరూ వచ్చారు, ఆయన తప్ప. మీనాక్షీ దీ గడియారం చూసింది. నేను చెమట తుడుచుకున్నాను. అప్పుడు ఇస్త్రీ చొక్కాతో, మనవరాలి చెయ్యి పట్టుకుని ఆయన లోపలికొచ్చాడు.

ఒక మాట బెంగాలీలో, అదే మాట తనవాళ్ల కోసం తెలుగులో చెప్పాడు. "మీ కుర్చీల కింద ఇటకల సొరంగం ఉంది. పైన ట్రాము ఎల్తే, ఆ సప్పుడు బట్టి ఏ ఈధి కింద ఉన్నామో సెప్పీసీవోలం. దీపం ఆరిపోనా బయానికి సోటు లేదు. గోడ మీద సెయ్యేసుకుని ఇంటికొచ్చీసీవోలం."

ప్రొఫెసర్లు రాసుకోవడం మానేశారు. అందరూ తమ కాళ్ల కిందకి చూసుకున్నారు. నేనూ చూశాను. రోజూ ఆ నేల మీదే నడుస్తున్నాను, కింద ఇంకో ఊరుందని, దాన్ని చేత్తో తడిమి చదువుకున్న మనిషున్నాడని తెలియనే లేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అంతలో ఆయన జేబులోంచి నా కరపత్రం తీశాడు.

"ఈ కాగితం ఈ బాబు రాసినాడు. ఇందులో తప్పుంది."

మీనాక్షీ దీ నావైపు తిరిగింది. ఊపిరి ఆగిపోయింది, ఈసారి నాది.

"నా పేరు నర్సయ్య. నరసయ్య అని రాసీసినాడు."

అంతే. కూర్చున్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు.

వెళ్లిపోతూ ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. "పారీకు బాబూ. రాసింది బాగానే ఉంది. అవసరమొచ్చినప్పుడు తేదీ ఒక్కటి మార్చుకుంటే సాలు," అన్నాడు.

ఆనాడే గంగ ఒడ్డున నిలబడి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరి పేరు అచ్చుకిచ్చినా, ముందు ఆ మనిషికి ఫోన్ చేసి గొంతు వింటాను. ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేస్తాను. ఆ మర్నాడు కూడా. తొందరపడి మాత్రం ఎవరినీ చంపను.