బొద్దు అక్షరాలలో ఆనందకుమారి

జువ్వలదిన్నె దాపుననున్న పాళెంలో కాపురముండే హెబ్రోను, కావలిలోని ఒక అచ్చుకూటానికి కొయ్య అక్షరాలు చెక్కి ఇచ్చేవాడు. గోడపత్రికలకు వాడే పెద్ద అక్షరాలవి. ఆయన చెక్కిన అక్షరం బొద్దుగా పొట్ట ముందుకు తోసుకొని, తలకట్టును ఓరగా పెట్టుకొని, ఎగిరి దూకబోతున్నట్లుండేది. సర్కసు వచ్చినా, నాటకమాడినా, నశ్యం అంగడి తెరిచినా ఆ అక్షరాలే కావాలనేవారు. దారిన పోయేవారెవరూ వాటిని మనసులో చదువుకొని ఊరుకోలేరు. నోరు విప్పి పైకి చదివి తీరుతారు.

పందొమ్మిదివందల అరవై ఒకటో సంవత్సరపు వానల్లో భార్య ఆనందకుమారి జ్వరంతో ప్రభువు సన్నిధికి చేరింది. పిల్లలు లేరు. ఊరి గోడలన్నీ తన అక్షరాలతో కేకలు వేస్తుంటే, హెబ్రోను ఇంట సముద్రపు హోరు తప్ప వేరు ధ్వని లేదు. ఆయన నొచ్చుకుంటాడని ఇరుగుపొరుగులు ‘ఆయమ్మ’ అనేవారే గాని ఆమె పేరెత్తేవారు కారు. దేవుడు ఆమెను పేరు పెట్టి పిలిచే ఉంటాడని ఆయనకు నమ్మకమే. కాని మనుషుల నోట ఆ పేరు వినబడకపోవడమే భరించరాకుండా ఉంది.

ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొట్టి, పేర్లు మళ్లీ రాయించడం పాళెంలో ఆచారం. భార్య పేరు తన అక్షరాలతో తానే రాస్తానని ఆయన సంఘపెద్ద పరంజ్యోతి గారిని అడిగాడు.

"సమాధి మీద సర్కసు అక్షరాలేందయ్యా? పునరుత్థానానికి టిక్కెట్లమ్ముతావా?"

"చూసినోళ్లు ఆమె పేరు పైకి సదవాలయ్యగారూ. అంతే."

"సరే, రాయి. బాగలేకుంటే సున్నం కొట్టిస్తా."

శనివారం పొద్దు గుంకేలోగా రాసి ముగించాడు. మర్నాటి వేకువ ఆరాధన కాగానే జనం సమాధుల మీద పూలు పెట్టుకుంటూ వచ్చి ఆ సమాధి ముందు ఆగారు. తలలు పక్కకు వంచి చూశారు. ఒక్కరూ పైకి చదవలేదు.

పూలు తెచ్చిన పొరుగింటి మాలకొండమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏంది హెబ్రోనన్నా, తిరగేసి రాసినావే!"

అచ్చు సరిగా పడాలంటే కొయ్యపై అక్షరాన్ని అద్దంలో బింబంలా తిరగేసి చెక్కాలి. ఏండ్ల తరబడి అలా చెక్కిన చేయి సమాధి మీదా అలాగే రాసింది. ఆయన కంటికి అదే సరిగా కనబడింది.

"పోనీలే, లోపలుండే ఆయమ్మకైతే సక్కగానే అగపడతాది," అంది మాలకొండమ్మ.

కొందరు నవ్వారు. పరంజ్యోతి గారి మనసు మెత్తబడింది. "ఉండనీవయ్యా. ఆమె కోసమే రాసినావనుకుంటాం."

"ఆమెకు సదువు రాదయ్యగారూ," అన్నాడు హెబ్రోను.

సున్నం తెచ్చి తన రాతను తానే చెరిపాడు. అది ఆరేదాకా కూర్చున్నాడు. పిమ్మట తన కంటికి తప్పుగా తోచే వైపుకే ఒక్కొక్క అక్షరాన్నీ తిప్పి, చేతిని మందలించుకుంటూ రాశాడు. ముగిసేసరికి జనమంతా పండుగ భోజనాలకు వెళ్లిపోయారు.

గుడికి తాళం వేసి ఆ దారిన వస్తున్న పరంజ్యోతి గారు ఆగి, ఆ బొద్దు అక్షరాల వంక ముఖం చిట్లించి చూశారు. అయినా పెదవులు వాటంతట అవే కదిలాయి.

"ఆనందకుమారి."

హెబ్రోను చేతిలోని కుంచె కింద పెట్టాడు.

"ఇంకోతూరి సదవండయ్యగారూ."